మెట్ల కింద ముగ్గురం

మా అత్తగారికి చెవి మిషన్లు పెట్టించిన చలికాలంలోనే ఇదంతా జరిగింది.

ఆవిడకి తొంభై దగ్గర పడుతున్నాయి. మామగారు పోయాక విశాఖపట్నం నుంచి కెనడాలోని సార్నియా వచ్చి మా దగ్గరే ఉంటోంది. మా ఆయన ఇక్కడ ఒక కెమికల్ ప్లాంటులో ఇంజనీరు. నేను ల్యాబులో చేసి, కిందటేడే మానేశాను. పగలంతా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. చాలాకాలంగా ఆవిడకి గట్టిగా అరిస్తే తప్ప వినపడేది కాదు. మిషన్లు పెట్టిన మర్నాడు ఫ్రిజ్ దగ్గర నిలబడి ఆశ్చర్యపోయింది. "ఏటమ్మా, ఈ ఇల్లు ఇంత గోల పెడుతోందా? నాకు తెలీనే తెలీదు."

ఇప్పుడు వినపడుతోంది కనక హాల్లో సినిమా చూడాలని ఉందంది. ఊరి లైబ్రరీలో మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి ఉచితంగా సినిమాలు వేస్తారు. గోడమీద పోస్టరు చూశాను. ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని రేవులో నిలబడి ఉన్నారు. పిల్లల సినిమా అనుకున్నాను. కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు.

అది దెయ్యం సినిమా. ఇంగ్లండులో ఏదో రేవు పట్నం, యుద్ధకాలం. కిటికీలకి నల్లగుడ్డలు. తండ్రి యుద్ధానికి పోయాడు, తల్లి ఫ్యాక్టరీకి పోతుంది. సైరన్ మోగినప్పుడల్లా ఎనిమిదేళ్ళ కుర్రాడు బొగ్గుల గదిలోకి దిగి, గోడకి చెవి ఆనించి చెల్లెలితో మాట్లాడతాడు. చెల్లెలు అవతలినుంచి గోడమీద తట్టి జవాబిస్తుంది. మధ్యమధ్యలో ఆ పాప వంటింట్లోనూ మెట్లమీదా కనిపిస్తూనే ఉంటుంది. అప్పటికి భయపడాల్సిందేమీ లేదు. చుట్టూ ముసలివాళ్ళు పాప్‌కార్న్ తింటున్నారు.

మా అత్తగారు ఉన్నట్టుండి పైకే అంది. "ఆ గుంట చచ్చిపోయింది."

ముందు వరసలో ఉన్న తెల్లావిడ వెనక్కి తిరిగింది. నేను గొంతు తగ్గించి, "లేదత్తయ్యా, ఆ పాప అదిగో కదా, గిన్నె పట్టుకుంది" అన్నాను.

"ఎప్పుడో చచ్చిపోయింది. వాళ్ళమ్మ గుంటడికి తల దువ్వింది. దానికి దువ్వలేదు. చూడలేదా?"

ఆవిడకి ఇంగ్లీషు రాదు. కథ ఒక్క ముక్క అర్థమయ్యే అవకాశం లేదు. సినిమా చివర్లో కుర్రాడు గోడ పగలగొట్టి చూసినప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. మొదటి బాంబు పడ్డ రోజే ఆ పాప అక్కడ కూరుకుపోయిందట. నాకు ఒళ్ళు జలదరించింది, కాని తెరమీద చూసినదానికి కాదు. పక్కకి తిరిగితే మా అత్తగారు కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. పాటలాగా ఉంది, లాలించినట్టు.

ఇంటికొచ్చి కారు గరాజులో పెట్టాను. ఆవిడ దిగి, వెనక తలుపు పట్టుకుని నిలబడింది.

"చలిగా ఉంది అత్తయ్యా, వేసెయ్యండి."

"ఉండు. దిగుతోంది."

"ఎవరు?"

"గుంట. మనతో వచ్చీసింది." కాసేపాగి, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకి జరిగి, అప్పుడు తలుపు వేసింది.

నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. నవ్వు రాలేదు.

ఆ తర్వాత రోజుల్లో ఆవిడ గదిలోంచి సన్నగా మాటలు వినపడేవి. మొదట్లో జపం అనుకున్నాను. ఒకరోజు బట్టలు మడతపెట్టి తీసుకెళ్తూ తలుపు దగ్గర ఆగాను. "అదిగో ఇంకో కొండ. అది దిగితే నీళ్ళు ఉన్నాయట. నాన్న చెప్పాడు. కాళ్ళు నొప్పులెడితే చెప్పకు, అమ్మకి కోపమొస్తాది." అని, జవాబు విన్నట్టు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

సార్నియాలో కొండ అనేది లేదు. ఊరంతా అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఆ సినిమాలోనూ కొండల్లేవు. మరి ఈ కొండ ఎక్కడిదని ఆలోచిస్తూ, బట్టలు చేతుల్లో పెట్టుకుని నడవాలో నిలబడిపోయాను. లోపలికి వెళ్ళి అడిగే ధైర్యం రాలేదు. అడిగితే ఆ రెండోవాళ్ళు ఎవరో చెబుతుందని భయం.

ఆ వారంలోనే చప్పుడు మొదలైంది. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో టక్, టక్ అని. మా ఆయనకి ప్లాంటులో షట్‌డౌన్ పనులు, పొద్దున్నే వెళ్ళి అలిసిపోయి వచ్చేవాడు. "ఫర్నేస్ ఆన్ అయితే డక్ట్ ఎక్స్‌పాండ్ అవుతుంది. ప్రతి చలికాలం ఉన్నదే" అన్నాడు. అది నిజమే, ఇంటికి వెచ్చటి గాలి తెచ్చే రేకు గొట్టాలవి. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు అది వినపడగానే మా అత్తగారు తల ఎత్తి గోడవైపు చూసి, "ఆఁ ఆఁ, ఇక్కడే ఉన్నాను" అనేది. వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయేది. పట్టపగలు, కిటికీల నిండా మంచు వెలుగు, ఆ వెలుగులో నిలబడి భయపడేదాన్ని.

బర్నబీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోనులో చెప్పాను. "మామ్, షీ నీడ్స్ ఎ డాక్టర్. డోంట్ వెయిట్" అంది. తీసుకెళ్ళాను. డాక్టరు ఏ నెల, ఏ ఊరు, ఇందాక చెప్పిన మూడు మాటలేవి అని అడుగుతుంటే నేను తెలుగులో చెబుతూ వచ్చాను. అన్నింటికీ సరిగ్గా చెప్పింది. చివర్లో నావైపు వంగి, "ఈయనకేటైనా మతిమరుపా, ఇవన్నీ నన్నడుగుతున్నాడు?" అంది.

మతి బాగానే ఉందన్నాడు డాక్టరు. అందరూ సంతోషించారు, నేను తప్ప. మతి తప్పిందంటే నా భయానికి ఒక పేరైనా దొరికేది.

మా ఊళ్ళో ప్రతి సోమవారం మధ్యాహ్నం సైరన్లు పరీక్షిస్తారు. ప్లాంట్లలో ఏదైనా లీకయితే జనాన్ని హెచ్చరించడానికి పెట్టినవి. ఊళ్ళో ఉన్నవాళ్ళకి అది గడియారం కొట్టినట్టే. మా అత్తగారికి ఇన్నాళ్ళూ అది వినపడలేదు. మిషన్లు వచ్చాక కూడా, ఆ వేళకి భోంచేసి, వాటిని తీసి డబ్బాలో పెట్టి పడుకునేది.

ఆ సోమవారం పొద్దున రక్తపరీక్షకి తీసుకెళ్ళి రావడంతో భోజనం ఆలస్యమైంది. ఆవిడకి అన్నం పెట్టి, గరాజు ముందు గడ్డకట్టిన మంచు మీద ఉప్పు చల్లడానికి బయటికి వెళ్ళాను. సైరన్ మొదలైంది. కిందినుంచి పైకి ఏడుపులా లేచే ఆ కూత నా చెవికి ఎంత అలవాటంటే, అది మోగుతోందని నాకు తోచనే లేదు. ఉప్పు చల్లడం పూర్తిచేసి లోపలికి వచ్చాను.

కుర్చీ వెల్లకిలా పడి ఉంది. కంచంలో పప్పన్నం కలిపింది కలిపినట్టే ఉంది. సింకులో కొళాయి కారుతోంది. మనిషి లేదు.

"అత్తయ్యా!"

పడకగదిలో లేదు. బాత్రూములో లేదు. బేస్‌మెంటులోకి పరుగెత్తి దీపాలన్నీ వేశాను. లేదు. వీధి తలుపు తీసి చూస్తే పొద్దున్న కురిసిన మంచు తెల్లటి దుప్పటిలా పరుచుకుని ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. గరాజు వైపు నేనే ఉన్నాను. బయటికి వెళ్ళలేదని ధైర్యం రావాలి. రాలేదు. బయటికి వెళ్ళని మనిషి ఇంట్లో లేకుండా ఎలా పోతుంది? సైరన్ ఆగిపోయింది. దాని తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో గోడలోంచి వినపడింది. టక్. టక్. టక్.

ఫర్నేస్ ఆగి ఉంది. దాని హోరు లేదు. చప్పుడు మెట్ల వైపునుంచి వస్తోంది. మెట్ల కింద ఒక అర ఉంది. పాత సూట్‌కేసులు, వాక్యూమ్ క్లీనరు, వాడని కోట్లు అందులో పడేస్తాం. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తీశాను.

లోపల, పైకప్పు వంగి నేలని తాకే మూలలో మా అత్తగారు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కుడిచేత్తో గోడ తడుతోంది. ఎడమచెయ్యి పక్కకి చాచి ఉంది, చిన్నపిల్ల భుజం చుట్టూ వేసినట్టు. ఆ చేతి కింద ఏమీ లేదు.

"తలుపెయ్యి. వెలుగు కనిపిస్తే బాంబులేస్తారు."

"అత్తయ్యా, అది టెస్టు. వారం వారం మోగుతుంది. రండి."

"తలుపెయ్యమన్నానా!" నా చెయ్యి పట్టి లాగింది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా మీద గొంతు పెంచడం అదే మొదలు. లోపలికి దూరి తలుపు లాగేశాను. ఎందుకు లాగానంటే చెప్పలేను. చిన్నపిల్లలా మాట విన్నాను, అంతే.

చీకటి. పాత ఉన్ని వాసన. ఆవిడ తన చీర కొంగు నా నోట్లో కుక్కింది. "కరిచి పట్టుకో. లేకపోతే బాంబు పడినప్పుడు పళ్ళు రాలిపోతాయి. రెండో కూత వచ్చినదాకా లేవకూడదు."

రెండో కూత రాదని నాకు తెలుసు. పరీక్షకి ఒక్కటే. కొంగుకి పప్పు వాసన వేస్తోంది. కరిచి పట్టుకునే కూర్చున్నాను. ఆవిడ ఊపిరి, నా ఊపిరి వినపడుతున్నాయి. మూడోది కూడా వినపడుతోందేమోనని నేనే వెతుక్కుంటున్నాను.

అప్పుడు నా ఎడమ చెవి తమ్మెని ఏదో పట్టుకుంది. చిన్నది. చల్లనిది.

మా అత్తగారు నాకు కుడిపక్కన ఉంది. కొంగు నోట్లోంచి తీసి, "అత్తయ్యా, మీ చేతులెక్కడ?" అన్నాను.

"ఇవిగో." రెండు చేతులూ నా మోకాలి మీద పెట్టింది. "ఏం, చెవి పట్టుకుందా? దానికదే అలవాటు. ఎవరిదో ఒక చెవి దొరక్కపోతే నిద్దరోదు."

కదలలేదు నేను. అరవలేదు. అరిస్తే అది గట్టిగా పట్టుకుంటుందనిపించింది.

"ఎవరత్తయ్యా?"

"నా చెల్లి."

ఆవిడకి చెల్లెలుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ చీకట్లోనే చెప్పింది. నేను తలుపు తియ్యలేదు.

వాళ్ళ నాన్న రంగంలో రేవు పనిలో ఉండేవాడు. రంగూన్‌ని ఆవిడ రంగం అనే అంటుంది. ఆ రోజుల్లో మనవైపు నుంచి ఓడెక్కి అక్కడికి పనికి వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. ఆవిడ అక్కడే పుట్టింది. యుద్ధం వచ్చి బాంబులు పడుతుంటే అమ్మ పిల్లలిద్దర్నీ మెట్ల కిందికి తోసి, నోట్లో గుడ్డ పెట్టేదట. తర్వాత ఓడలు దొరక్క, జనమంతా కొండదారిన కాలినడకన మన దేశానికి బయలుదేరారు. ఆవిడకి అప్పుడు ఆరేళ్ళు, చెల్లెలికి మూడో నాలుగో.

"దారిలో దానికి వాంతులు పట్టుకున్నాయి. అమ్మ వీపుకి కట్టుకుని నడిచింది. నేను వెనకాల నడిచాను. ఒక పొద్దున్న అది లేవలేదు. అమ్మ ఏటందంటే, నిద్దరోతోంది, నువ్వు దాంతో మాట్లాడుతూ ఉండు, లేచి చూస్తే భయపడతాది అంది. సరేనని మాట్లాడాను. కొండలు చూపించాను. చెట్ల పేర్లు చెప్పాను. దాని మొహం నావైపే ఉంది, అమ్మ భుజం మీంచి. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఈగలు వాలుతుంటే కొమ్మతో తోలమంది అమ్మ. తోలాను."

"మీకు తెలుసా అత్తయ్యా, అప్పుడు?"

"తెలీకేం. పొద్దున్నే చెయ్యి పట్టుకున్నాను కదా. కొయ్యలాగుంది. కూడా వచ్చేవాళ్ళందరికీ తెలుసు, దూరం జరిగిపోయారు. నాన్నకీ తెలుసు. అమ్మతో ఎవరు చెప్తారు? ఆ రోజంతా మాట్లాడాను. నోరెండిపోయింది. ఆగితే అమ్మ వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపుకి భయమేసి మళ్ళీ మాట్లాడేదాన్ని. సాయంత్రం ఒక ఏరు దగ్గర నాన్న మూట విప్పి తీసుకుపోయాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ దాని పేరెత్తలేదు. నన్ను మాట్లాడుతూ ఉండమంది గాని, ఎప్పుడాపాలో చెప్పలేదు."

ఇంకెంతసేపు కూర్చున్నామో. తనే "అయిపోయినట్టుంది, పద" అంది. తలుపు తోస్తే హాల్లో ఎండ. ఆవిడని మంచం మీద పడుకోబెట్టి, మళ్ళీ వెళ్ళి ఆ అర ముందు నిలబడ్డాను. నేను కూర్చున్నచోట గోడకి పాత కోటు వేలాడుతోంది. దాని నడుము పట్టీకి చివర ఇనప బిళ్ళ. లోపలికి దూరి అలాగే కూర్చుని దాన్ని చెవికి ఆనించి చూశాను. చల్లగానే ఉంది. అదే అయ్యుంటుంది. కాని బిళ్ళ తగిలిందంతే, చీకట్లోలా పట్టుకోలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మా ఆయనకి మిగతాదంతా చెప్పాను. బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూలబడ్డాడు.

"మా అమ్మమ్మ మమ్మల్నెవ్వర్నీ వీపు మీద ఎక్కనిచ్చేది కాదు," అన్నాడు. "సరదాగా వెనకనుంచి మెడ పట్టుకుంటే కెవ్వున అరిచేది. నడుం నొప్పి అనుకునేవాళ్ళం."

తర్వాత సోమవారాలు ఆ వేళకి నేను ఆవిడ పక్కనే కూర్చునేదాన్ని. కూత మొదలవగానే చెయ్యి పట్టుకునేది, లేచి పరుగెత్తేది కాదు. కాని గదిలో మాటలు ఆగలేదు. నా భయమూ ఆగలేదు. స్నానానికి వెళ్ళినా చెవులు కప్పేలా తలకి తువ్వాలు చుట్టుకునేదాన్ని. మా ఆయన టొరంటో వైపు ఉన్న ఒక పురోహితుడికి ఫోన్ చేశాడు. అంత చిన్నపిల్లకి కర్మలేవీ ఉండవండీ అన్నాడాయన.

మా అత్తగారు విని, "కర్మలెందుకురా? నేను దాంతో ఒక మాట చెప్పాలి. నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు, చాలు" అంది.

మంచు కరగడం మొదలయ్యాక ఒక ఆదివారం ముగ్గురం ఊరి పక్కనున్న సరస్సు దగ్గరికి వెళ్ళాం. ఒడ్డున మంచుపలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలుగుతున్నాయి. ఆవిడ మా ఇద్దరి చేతులూ విడిపించుకుని, వాకర్ తోసుకుంటూ ఒడ్డునున్న ఇనప కటకటాల దాకా వెళ్ళింది. అక్కడ నేల జారుతోంది. మా ఆయన వెనకే రెండడుగుల్లో నిలబడ్డాడు.

చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి. విన్నవి ఇవి.

"అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాన్నా పోయాడు. ఇంక ఎవరికోసం దాచాలి? నువ్వు చచ్చిపోయావమ్మా. ఆ పొద్దున్నే చచ్చిపోయావు. నీకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇదిగో, చెప్పీసాను."

వెనక్కి తిరిగింది. మొహం చలికి కందిపోయింది. కళ్ళల్లో నీళ్ళు లేవు.

దారిలో ఆగి వేడి టీ ఇప్పించాం. రెండు చేతులతో కప్పు పట్టుకుని, "ఇదేం టీ, వేన్నీళ్ళు" అంటూనే తాగింది. మా ఆయన అద్దంలోంచి చూస్తూ అడిగాడు. "పిన్ని ఎలా ఉండేదమ్మా?"

కప్పు ఒళ్ళోకి దించింది. "నల్లగా ఉండేదిరా. నాకంటే మొండి. రేవులో ఓడ కూసిందంటే తనూ కూసేది. మా నాన్న నవ్వేవాడు."

నేను వెనక సీట్లో ఆవిడ పక్కనే కూర్చున్నాను. ప్లాంట్లు దాటేలోపల ఆవిడ తల నా భుజం మీద వాలిపోయింది. ఇన్ని వారాలకి ఆవిడ పెదాలు కదలకుండా ఉండడం చూశాను. మొహం నావైపు తిరిగి ఉంది, కళ్ళు పూర్తిగా మూసుకోలేదు. శాలువా కింద ఊపిరి ఆడుతోందో లేదో తెలియలేదు.

"అమ్మ నిద్రపోయిందా?" అన్నాడు మా ఆయన.

శాలువా తప్పించి, చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా, నెమ్మదిగా లేస్తోంది గుండె.

"ఆఁ, నిద్రపోయింది" అన్నాను. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.